డిజాన్ నుంచి బోన్ దాకా: ద్రాక్ష కోతల్లో దాగిన ఎండల చరిత్ర

తూర్పు ఫ్రాన్సులో బర్గండీ అనే ప్రాంతం ఉంది. దానికి పూర్వపు రాజధాని డిజాన్. అక్కడి నుంచి దక్షిణంగా బోన్ అనే చిన్న పట్టణానికి సుమారు 40 కిలోమీటర్లు. మంచి రోడ్డు. కారులో గంట కూడా పట్టదు. అయినా ఈ దారికి ఒక రోజంతా కేటాయించుకుని వెళ్లేవాళ్లు చాలామంది. ఒక కొసన మధ్యయుగపు ప్రభువుల నగరం, రెండో కొసన పాత ప్రాకారాల నడుమ ఒదిగిన పట్టణం, మధ్యలో కొండవాలు పొడవునా ద్రాక్షతోటలు. వైన్ ప్రియులకు ఇది తీర్థయాత్ర లాంటిది. మనం ఈ దారిలో వెతకబోయేది మాత్రం వైన్ కాదు, ఒక తేదీ. ప్రతి ఏటా ద్రాక్ష కోత మొదలైన తేదీ.

ఆ తేదీతో మనకేం పని? ఒక చిన్న ప్రశ్న వేసుకుంటే తెలుస్తుంది. ఐదు వందల ఏళ్ల క్రితం ఎండలు ఎంత కాసేవి? వేడిని కొలిచే పరికరం అనే ఆలోచన గెలీలియో కాలానికి గాని రాలేదు. పారిస్‌లో ఉష్ణోగ్రతలు రాసిపెట్టడం 1658లో మొదలయింది. మన దేశంలో ఈస్టిండియా కంపెనీ వాతావరణ పరిశీలన కేంద్రాలను కలకత్తాలో 1785లో, మద్రాసులో 1796లో నెలకొల్పింది. అంతకుముందు సంగతి? "మా కాలంలో ఇంత ఎండలు లేవు" అని ప్రతి తరం పెద్దలూ అంటూనే ఉంటారు. అది నిజమో కాదో తేల్చడానికి వాళ్ల జ్ఞాపకం చాలదు. ఎవరో ఒకరు, అప్పటికప్పుడు, ఏటేటా తప్పకుండా రాసిపెట్టిన ఆధారం కావాలి. అలాంటి ఆధారం ఈ 40 కిలోమీటర్ల దారిలో ఉంది. దాన్ని రాసినవాళ్లకు వాతావరణ శాస్త్రం అన్న మాట కూడా తెలియదు. వాళ్లు రాసింది దొంగతనాలు ఆపడానికి, కూలి లెక్కలు చూసుకోవడానికి!

డిజాన్‌లో దండోరా

ఉదయం డిజాన్‌లో బయలుదేరే ముందు నగరం నడిబొడ్డున ఉన్న ప్రభువుల ప్యాలెస్ చూడాలి. 1363 నుంచి 1477 వరకు వలువా వంశానికి చెందిన నలుగురు ప్రభువులు బర్గండీని ఏలారు. పేరుకు ఫ్రాన్సు రాజుకు సామంతులే గాని, సంపదలో రాజుకు తీసిపోయినవాళ్లు కారు. వారిలో మొదటివాడు ఫిలిప్. సాహసి అని బిరుదు. ఈయన 1395లో జారీ చేసిన ఒక శాసనం మన కథకు చాలా ముఖ్యం. ఆ రోజుల్లో రైతులు గామే అనే రకం ద్రాక్షను విరివిగా నాటడం మొదలుపెట్టారు. అది పీనో నువార్ అనే పాత రకం కంటే ఎక్కువ కాపు కాస్తుంది, దాని కంటే ముందు పండుతుంది. రైతుకు లాభం. కాని వైన్ నాసిరకం అవుతుందనీ, బర్గండీ పేరు చెడుతుందనీ ప్రభువుకు కోపం వచ్చింది. గామే తీగలను పీకేయమని ఆజ్ఞాపించాడు. తోటలకు పెంట ఎరువు వేయడాన్ని కూడా తప్పుపట్టాడు.

రైతు కోణం నుంచి చూస్తే ఇది దౌర్జన్యమే. ప్లేగు వచ్చి మనుషులు పోయి, కూలీలు దొరకని కాలంలో ఎక్కువ కాపు కాసే తీగను నాటుకోవడంలో తప్పేముంది? శాసనం వెంటనే అంతటా అమలు కాలేదు కూడా. అయితే ఈ కొండవాలున పేరున్న తోటల్లో ఎర్ర వైన్ కోసం పీనో నువార్ ఒక్కటే శతాబ్దాల పాటు నిలబడింది. ప్రయోగశాలలో ఒక కొలతను వందసార్లు తీయాలంటే పరికరం మారకూడదు కదా! ఇక్కడ పరికరం ఆ తీగ. అదే రకం, అదే నేల.

ఇక తేదీల సంగతి. మధ్యయుగపు బర్గండీలో ఎవరి తోటను వారు ఇష్టమొచ్చిన రోజున కోసుకోవడానికి వీల్లేదు. కోత ఏ రోజు మొదలుపెట్టాలో ఊరి పెద్దలు నిర్ణయించేవారు. తోటలు తిరిగి చూసి రావడానికి అనుభవం గల సాగుదార్లను పంపేవారు. కాయ ఎంత పండింది, కుళ్లు పట్టిందా, ఇంకెన్ని రోజులు ఆగవచ్చు అని వాళ్లు చెప్పిన మీదట సభలో చర్చ జరిగి తేదీ ఖాయమయ్యేది. తరువాత ఊళ్లో చాటింపు. ఫ్రెంచి భాషలో దీన్ని 'బాన్ ద వాందాంజ్' అంటారు. కోత దండోరా అనుకోండి. దండోరాకు ముందు గెల కోసినవాడికి జరిమానా.

ఇంత కట్టడి ఎందుకు? ఒకటి, తోటలు చిన్న చిన్న మళ్లుగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒకడు కోతకు దిగితే పక్కవాడి మడిలో గెలలు మాయం కావడం ఎంతసేపు? రెండు, చర్చికి పంటలో భాగం ఇచ్చుకోవాలి. అందరూ ఒకేసారి కోస్తే వసూలుదారుకు లెక్క తేలిక. మూడు, తొందరపడి పచ్చికాయ కోసేవాడి వల్ల ఊరి వైన్‌కు చెడ్డపేరు వస్తుంది. మన పల్లెల్లో చెరువు నీళ్లు వదిలే రోజును ఊరంతా కలిసి నిర్ణయించే కట్టుబాటు ఉండేది. ఇదీ అలాంటిదే.

ఈ నిర్ణయాలన్నీ నగరసభ చిట్టాల్లోకి ఎక్కాయి. అదృష్టవశాత్తు డిజాన్, బోన్ పట్టణాల చిట్టాలు చాలా భాగం తగలబడిపోకుండా, చెదలు తినకుండా మిగిలాయి.

రెండు కిలోమీటర్ల వెడల్పు లేని పట్టీ

డిజాన్ దాటి దక్షిణానికి తిరగగానే కుడిచేతి వైపు కొండవాలు మొదలవుతుంది. ఎడమవైపు సోన్ నది మైదానం. రోడ్డు ఈ రెండింటికీ మధ్య సాగుతుంది. జెవ్రే షాంబెర్తాన్, వూజో, వోన్ రొమానే, న్యుయీ సాన్ జార్జ్... ఊరి తరువాత ఊరు. ప్రతి ఊళ్లో రాతి ఇళ్లు, ఒక చర్చి, ఇళ్ల కింద నేలమాళిగలు. పేరున్న తోటలన్నీ వాలు నడుమ సన్నని పట్టీలోనే ఉంటాయి. అక్కడ నేల సముద్రమట్టానికి సుమారు 250 నుంచి 300 మీటర్ల ఎత్తు. పైకి వెళితే రాయి, చలి. కిందికి వస్తే మైదానపు మట్టి లోతు ఎక్కువ, నీరు నిలుస్తుంది.

ఈ వాలు ఎలా ఏర్పడింది? ఇక్కడి రాయి సున్నపురాయి. డైనోసార్లు తిరిగిన జురాసిక్ యుగంలో ఈ చోటు లోతులేని వెచ్చని సముద్రం. గవ్వలు, జీవుల పెంకులు అడుగున పేరుకుని రాయిగా మారాయి. చాలాకాలం తరువాత భూమి పైపొర సాగి చిట్లింది. సోన్ మైదానం వైపు నేల కిందికి జారింది. పడమటి అంచు నిలబడిపోయింది. ఆ అంచే మనకు కనబడుతున్న వాలు. ఇది తూర్పుకు తిరిగి ఉంది కనుక ఉదయపు ఎండ నేరుగా తగిలి మంచు తడిని త్వరగా ఆర్పుతుంది. బరువైన చల్లని గాలి రాత్రిపూట మైదానంలోకి జారిపోతుంది. తీగకు కావలసింది ఇదే.

వూజో దగ్గర తప్పకుండా ఆగాలి. ఇక్కడ రాతిగోడ కట్టిన సుమారు 50 హెక్టార్ల తోట ఒకటుంది. క్లో ద వూజో అంటారు. 'క్లో' అంటే ఆవరణ. దీన్ని సాగులోకి తెచ్చినవాళ్లు 1098లో దగ్గరలోనే సీతో అనే చోట మఠం పెట్టుకున్న క్రైస్తవ సన్యాసులు. ప్రార్థనతో పాటు శరీరశ్రమ కూడా వాళ్ల నియమం. 12వ శతాబ్దం నుంచి దానాలుగా, కొనుగోళ్లుగా వచ్చిన మళ్లను కలుపుకుంటూ పోయి చివరకు గోడ కట్టేశారు. లోపల భవనంలో మధ్యయుగం నాటి భారీ కొయ్య గానుగలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి దూలాలు చూస్తే ఆ అడవుల్లో ఎంత చెట్లు ఉండేవో ఊహించుకోవచ్చు.

ఈ సన్యాసులు ఏ మడి ఏ రుచినిస్తుందో తేల్చడానికి మట్టిని నాలుక మీద వేసుకుని చూసేవారని గైడ్లు చెబుతారు. కథ బాగుంది, కథగానే తీసుకోవాలి. అయితే ఒక మడికీ పక్క మడికీ తేడా ఉందని గుర్తించి, వేరుగా కోసి, వేరుగా పులియబెట్టి, తరతరాలుగా పోల్చి చూసిన అలవాటు ఇక్కడి తోటల సరిహద్దుల్లో నేటికీ కనబడుతుంది. పేరూ హద్దూ ఉన్న ఒక్కొక్క తోటను ఇక్కడ 'క్లిమా' అంటారు. అలాంటివి 1,247 ఉన్నాయి. 2015లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫ్రెంచి విప్లవంలో మఠం ఆస్తులు జాతీయం అయ్యాయి. తరువాత అమ్మకాల మీద అమ్మకాలు జరిగి, ఒకే గోడ లోపలి ఈ తోటకు ఇవాళ ఎనభై మందికి పైగా యజమానులున్నారు.

గోడ వల్ల ఇంకో సౌకర్యం. చుట్టూ ఆవరణ ఉన్న తోటలకు సాధారణంగా దండోరా వర్తించేది కాదు. దొంగభయం లేదు కదా! కొన్నిచోట్ల ప్రభువు తన తోటను అందరికంటే ఒకరోజు ముందు కోసుకునే హక్కు కూడా ఉండేది, కూలీలు ముందు తనకే దొరకాలని. చరిత్రకారుడు పాత చిట్టాలో ఒక తేదీ చూసినప్పుడు అది ఎవరి తోట తేదీ అని అడగడం ఇందుకే.

తీగ ఎండను ఎలా లెక్కపెడుతుంది?

ఇక్కడ కాసేపు చరిత్ర పక్కన పెట్టి వృక్షశాస్త్రంలోకి పోదాం. బర్గండీ చలికాలంలో ద్రాక్షతీగ ఆకులన్నీ రాల్చి నిద్రపోతుంది. వసంతంలో వేడి పెరగగానే మొగ్గ విచ్చుతుంది. జూన్ ప్రాంతంలో పూత. పూత నుంచి కోతకు రమారమి వంద రోజులు. మొగ్గ విచ్చింది మొదలు ప్రతి దశా అప్పటివరకు అందిన వేడిని బట్టి నడుస్తుంది. ఏప్రిల్ నుంచి జులై వరకు వేడి ఎక్కువైతే దశలన్నీ ముందుకు జరుగుతాయి. చల్లగా, ముసురుగా ఉంటే వెనక్కి పోతాయి. అంటే కోత తేదీ ఆ నాలుగు నెలల సగటు వేడికి ఒక గుర్తు. ఫ్రాన్సు, స్విట్జర్లాండ్‌లలోని అనేక ప్రాంతాల తేదీలను కలిపి చూసిన బెంజమిన్ కుక్, ఎలిజబెత్ వోల్కోవిచ్ అనే శాస్త్రజ్ఞులు 2016లో ఒక లెక్క ఇచ్చారు. ఒక డిగ్రీ సెల్సియస్ వేడి పెరిగితే కోత సుమారు ఆరు రోజులు ముందుకు వస్తుందని.

"అయితే హైదరాబాద్ ద్రాక్ష కోతల నుంచి నిజాం కాలపు ఎండలు లెక్క కట్టవచ్చా?" అని మీకు సందేహం రావచ్చు. మంచి సందేహమే. కాని కుదరదు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల విరివిగా పండించిన అనాబ్-ఎ-షాహి తోటలు చూసినవారికి కారణం తెలుసు. మన వేడికి తీగ నిద్రపోదు, ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. రైతే ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి కొమ్మలు కత్తిరించి దానికి వేళ నేర్పుతాడు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య పంట చేతికి వస్తుంది. అంటే మన దగ్గర కోత తేదీ చాలావరకు కత్తెర పడిన తేదీని చెబుతుంది, వసంతపు వేడిని కాదు. ఒకే మొక్క ఒక దేశంలో థర్మామీటరు, ఇంకో దేశంలో కాదు.

మన వైపు పాత వాతావరణాన్ని తెలుసుకోవడానికి వేరే దారులు వెతికారు. బస్తర్‌లో కాంగేర్ లోయలోని దండక గుహలో నేల నుంచి పైకి పెరిగిన సున్నపు స్తంభాన్ని పొరపొరగా పరీక్షించి క్రీ.శ. 600 నుంచి 1500 వరకు రుతుపవనాల హెచ్చుతగ్గులను 2007లో అంచనా కట్టారు. జపాన్‌లోని క్యోటోలో రాజాస్థాన దినచర్యల నుంచి చెర్రీ పూలు విరబూసిన తేదీలను 9వ శతాబ్దం దాకా వెనక్కి సేకరించారు. ఏ దేశానికి దొరికిన సాక్షి ఆ దేశానిది. బర్గండీకి దొరికింది ద్రాక్ష.

బోన్ చిట్టాలు

మధ్యాహ్నం దాటాక బోన్ చేరతాం. ప్రాకారాల మీద నడుస్తూ ఊరు మొత్తం చుట్టి రావచ్చు. అందరూ చూసేది ఇక్కడి ఓతెల్ దియో అనే ఆసుపత్రి. వేలంపాటల వల్ల దాని పేరు ప్రపంచమంతా తెలుసు. 1443లో బర్గండీ మంత్రి నికొలా రోలాన్, ఆయన భార్య గిగోన్ కట్టించారు. రంగురంగుల పెంకులు వజ్రాల ఆకారంలో పేర్చిన పైకప్పు చూడ ముచ్చటగా ఉంటుంది. 1971 దాకా రోగులు ఇక్కడే పడకల మీద ఉండేవారు. దాతలు ఇచ్చిన తోటలే ఈ సంస్థకు ఆధారం. 1859 నుంచి దాని వైన్‌ను వేలం వేసి వచ్చిన సొమ్ము వైద్యానికి వాడుతున్నారు.

మనకు కావలసిన భవనం మాత్రం దీనికి కాస్త దూరంలో ఉన్న నోత్ర్ దామ్ చర్చి. ఈ చర్చికి సొంత తోటలుండేవి. కోతకు కూలీలను పెట్టిన రోజు, ఎంతమంది, ఎంత కూలి అన్నది దాని లెక్కల పుస్తకాల్లో రాసేవారు. మన కరణాల దస్త్రాల లాంటివే. తోమా లబ్బే అనే చరిత్రకారుడు ఇతరులతో కలిసి ఈ కూలి లెక్కలు, బోన్ నగరసభ చిట్టాలు, తరువాతి కాలపు వార్తాపత్రికలు జోడించి 1354 నుంచి 2018 వరకు కోత తేదీల పట్టిక తయారు చేశాడు. 2019లో అది అచ్చయింది. ఒకే చోటికి చెందిన ఇంత పొడవైన కోత తేదీల పట్టిక అప్పటికి మరొకటి లేదు.

అసలు ఈ ఆలోచన కొత్తది కాదు. 1880లలోనే ఆల్‌ఫ్రెడ్ ఆంగో అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సు అంతటి నుంచీ కోత తేదీలు పోగుచేశాడు. 1967లో ఎమాన్యుయెల్ ల్రువా లాద్యురీ అనే చరిత్రకారుడు వాటిని ఆధారం చేసుకుని వెయ్యేళ్ల వాతావరణ చరిత్ర రాశాడు. 2004లో ఇసబెల్ షువీన్ బృందం బర్గండీ పీనో నువార్ తేదీల నుంచి 1370 తరువాతి వేసవి వేడిని లెక్కకట్టి 'నేచర్' పత్రికలో ప్రకటించింది. మరి లబ్బే కొత్తగా చేసిందేమిటి? పాత పట్టికలు ఒకరి నుంచి ఒకరు ఎక్కించుకున్నవి. 19వ శతాబ్దంలో అచ్చయిన డిజాన్ పట్టికను అందరూ నమ్ముతూ వచ్చారు. లబ్బే, ఫాబియెన్ గావో కలిసి మూల చిట్టాలు తిరగేసి ఆ పట్టికను సవరించవలసి వచ్చింది. వాళ్లు దాన్ని 2011లో ప్రకటించారు. తరువాత బోన్‌కూ అదే శ్రమ. దుమ్ము పట్టిన కాగితాలు ఒక్కొక్కటీ విప్పి, మధ్యయుగపు చేతిరాత చదివి, ఇది కోత మొదలైన తేదీయా, సభ జరిగిన తేదీయా అని తేల్చుకోవడం కంప్యూటరు చేసిపెట్టే పని కాదు. ఈ మొత్తం పరిశోధనలో గౌరవం దక్కవలసింది మొదట ఈ చదువుకే అని నా అభిప్రాయం.

విద్యార్థులు సరదాగా చేయదగిన ఒక లెక్క ఇక్కడుంది. ఫ్రాన్సు పాత జూలియన్ క్యాలెండరును వదిలి గ్రెగోరియన్ క్యాలెండరుకు మారింది 1582 డిసెంబరులో. ఆ ఏడు డిసెంబరు 9 తరువాత వచ్చిన రోజు డిసెంబరు 20! అంతకుముందు తేదీలకు ఎండ లెక్క కోసం కొన్ని రోజులు కలపాలి. 14వ శతాబ్దంలో 8, 15వ శతాబ్దంలో 9, 16వ శతాబ్దంలో 1582 దాకా 10 రోజులు. 1450లో గుమాస్తా సెప్టెంబరు 19 అని రాస్తే, సూర్యుడి లెక్కలో అది ఇప్పటి సెప్టెంబరు 28. ఇది మరిచిపోతే మధ్యయుగం ఉన్నదానికంటే చాలా వేడిగా కనబడుతుంది.

తేదీల నుంచి డిగ్రీలకు ఎలా వెళ్లారు? పారిస్‌లో 360 ఏళ్లుగా కొలిచిన ఉష్ణోగ్రతలున్నాయి. అదే కాలపు బోన్ తేదీలను వాటి పక్కన పెట్టి, ఎంత వేడికి ఎన్ని రోజుల తేడా వస్తోందో చూశారు. ఆ సంబంధాన్ని పట్టుకుని థర్మామీటరు లేని మిగతా మూడు శతాబ్దాలకు ఏప్రిల్-జులై వేడిని అంచనా కట్టారు.

ఫలితం ఇది. 1354 నుంచి 1987 వరకు కోత సగటున సెప్టెంబరు 28న మొదలయ్యేది. 1988 నుంచి 2018 వరకు 31 ఏళ్ల సగటు అంతకంటే 13 రోజులు ముందుకు, అంటే సెప్టెంబరు 15 ప్రాంతానికి జరిగింది. మొత్తం పట్టికలో బాగా ముందుగా కోసిన 5 శాతం సంవత్సరాలను విడిగా తీసి చూశారు. 1393 నుంచి 1719 వరకు అలాంటివి 21. ఆ తరువాత 2002 దాకా, 283 ఏళ్లలో, ఐదు మాత్రమే. 2003 నుంచి 2018 దాకా 16 ఏళ్లుంటే వాటిలో సగం అసాధారణమైన వేడి సంవత్సరాలే.

ఈ అంకెలను తొందరపడి చదవకూడదు. మధ్యయుగంలోనూ మహా వేసవులు వచ్చాయి. 1540లో మధ్య, పశ్చిమ యూరప్‌లో నెలల తరబడి వానచుక్క లేదు. నదులు ఎండాయి, అడవులు అంటుకున్నాయి. కాయలు తీగ మీదే వడలి ఎండుద్రాక్ష అయిపోతుంటే కొన్ని ఊళ్లలో వాన కోసం కోత ఆపి చూశారు. దాంతో ఆ ఏటి కోత తేదీ అసలు వేడిని తక్కువ చేసి చూపుతుందని పరిశోధకులు గుర్తించారు. కొలత చెప్పే మాటకు కూడా సాక్ష్యం కావాలి మరి. ఇలాంటి ఏళ్లు అప్పుడు అరుదు. ఒకటి వచ్చి పోయేది, తరువాత మామూలు స్థితి. 1988 తరువాత అరుదైనదే మామూలు అయింది. కుక్, వోల్కోవిచ్ ఇంకో సంగతి చెప్పారు. పూర్వం కోత బాగా ముందుకు రావాలంటే వేడితో పాటు కరువు తోడు కావలసివచ్చేది. నేల ఎండితేనే గాలి అంతగా కాగేది. 1980 తరువాత ఆ జత విడిపోయింది. కరువు లేని ఏళ్లలో కూడా కోత ముందుకు వస్తోంది.

వ్యతిరేకపు చివర 1816 ఉంది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో ఇండోనీషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. దాని నుంచి ఎగసిన గంధక వాయువులు పై వాతావరణంలో సన్నని తెరలా పరచుకుని సూర్యరశ్మిని కొంత అడ్డుకున్నాయి. యూరప్‌లో 1816 వేసవి రానేలేదు. బర్గండీలో కోతకు అక్టోబరు దాకా ఆగవలసి వచ్చింది. భూగోళానికి అవతలి వైపు కొండ పేలితే ఇక్కడ చిట్టా రాసే గుమాస్తా కలం ఆలస్యమైంది. ఆ గుమాస్తాకు తంబోరా పేరు కూడా తెలిసి ఉండదు.

తేదీ ముందుకు వస్తే రైతుకు నష్టమేమిటి?

పండు త్వరగా పండితే మంచిదే కదా అనిపిస్తుంది. చల్లని ఏళ్లలో పులుపు తప్ప తీపి ఎక్కని కాయతో పూర్వీకులు పడిన అవస్థ చూస్తే నిజమే అనాలి. కాని వేడి మరీ ఎక్కువైతే కాయలో చక్కెర వేగంగా పెరుగుతుంది, ఆమ్లం తగ్గిపోతుంది. పులిసేటప్పుడు చక్కెర ఆల్కహాలుగా మారుతుంది కనుక మద్యం ఘాటెక్కుతుంది. ఈ వాలుకు పేరు తెచ్చిన సున్నితమైన రుచి పోతుందని సాగుదార్ల భయం.

ఇంకో ప్రమాదం వసంతంలో పొంచి ఉంది. మార్చిలోనే వేడెక్కితే మొగ్గలు ముందే విచ్చుతాయి. ఏప్రిల్‌లో మంచు కురిసే రాత్రులు మాత్రం పూర్తిగా పోలేదు. 2021లో అచ్చంగా అదే జరిగింది. మార్చి చివర వెచ్చబడింది, లేత చిగుళ్లు వచ్చాయి, ఏప్రిల్ మొదటి పక్షంలో గడ్డకట్టే చలి. తోటల్లో రాత్రంతా వరుసలుగా మంటలు పెట్టి కాపాడుకోవాలని చూశారు. అయినా బర్గండీ పంట బాగా దెబ్బతిన్నది.

మరో రకం నాటుకోవచ్చుగా? గతంలో ఒకసారి తీగను సగం మార్చిన అనుభవం వీళ్లకుంది. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పేనుపురుగు ఫ్రాన్సు తోటల వేళ్లను తినేసింది. బోన్ పక్కనే ఉన్న మెర్సో గ్రామంలో 1878లో అది కనబడింది. పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరు మీద స్థానిక తీగను అంటుకట్టడంతో గాని గండం గడవలేదు. ఇవాళ మీరు చూసే పీనో నువార్ అంతా దాదాపు పరాయి వేళ్ల మీద నిలబడినదే. అయితే ఎండను లెక్కపెట్టి కాయను పండించే పైభాగం మాత్రం పాత రకమే. కనుక పట్టిక తెగలేదు.

పైభాగం మార్చడం అంత సులువు కాదు. 1930ల నుంచి అమలులో ఉన్న ఫ్రెంచి చట్టం ప్రకారం ఏ తోట పేరుతో వైన్ అమ్మాలన్నా ఆ చోటికి నిర్ణయించిన రకమే నాటాలి. క్లో ద వూజో పేరు కావాలంటే పీనో నువార్ పండించాల్సిందే. ఫిలిప్ ప్రభువు శాసనం పేరు మారి ఇంకా నడుస్తున్నట్టే ఉంది. ప్రస్తుతానికి సాగుదార్లు ఆకులు ఎక్కువ వదిలి కాయకు నీడనివ్వడం, ఆలస్యంగా పండే పీనో మొక్కలను ఏరి పెంచడం, వేరే వేరు మొక్కలను ప్రయత్నించడం వంటివి చేసి చూస్తున్నారు. ఇవి చాలక ఏదో ఒకనాడు ఈ వాలు మీద పీనో నువార్ తీసేసి వేడిని తట్టుకునే దక్షిణాది రకాన్ని నాటారనుకోండి. ఆ కొత్త తీగ ఎండను వేరే విధంగా లెక్కపెడుతుంది. అప్పుడు 1354 నుంచి వస్తున్న బోన్ పట్టికకు ఆ ఏడు దగ్గర గీత గీసి, పక్కన కొత్త పట్టిక మొదలుపెట్టవలసి ఉంటుంది.